శిబ్‌పూర్ తోటకు సకుటుంబంగా: సామర్లకోట మీదుగా ఒక చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా యాత్రా విశేషం వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. కాశీ రామేశ్వరాల గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మనలో చాలామంది వున్నారు. అందుచేత గుడీ గోపురమూ లేని ఒక చోటును నేను ఎంచుకున్నాను. కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున, హౌరా ప్రక్కన శిబ్‌పూర్‌లో వున్న బొటానికల్ గార్డెన్ అది. 2009 నుంచి దాని పేరు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ భారత వృక్షోద్యానం. బస్సు కండక్టర్లకు మాత్రం అది నేటికీ 'బి. గార్డెన్'. పాతకాలం బెంగాలీలకు 'కంపెనీ బాగాన్', అంటే కంపెనీ తోట.

నా ఉద్యోగ జీవితంలో పదకొండేళ్ళు గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంలో గడిచాయి. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజను ఆ రైల్వేలోనే వుండేది కాబట్టి, మన తెలుగువారు ఎందరో ఆ కార్యాలయానికి బదిలీ మీద వెళ్ళివచ్చినవారే. నది ఇవతల మేము ఫైళ్ళు త్రిప్పుకుంటూ వుంటే, అవతల, కాస్త దిగువన, ఆ తోట పచ్చగా కనిపిస్తూ వుండేది. రెండేళ్ళ క్రిందట జనవరిలో పిల్లలతో, మనవలతో కలిసి ఒక రోజంతా అక్కడ గడిపి వచ్చాము. ఆ ఏర్పాటు ఎలా చేసుకున్నామో, ఆ తోట కథ ఏమిటో ఇక్కడ చెబుతాను. సుమారు 270 ఎకరాల తోటలో ఏది చూడాలో, ఏది వదిలిపెట్టాలో తేల్చుకోవడానికి నాకు చరిత్రే దారి చూపింది. అందుకని రెండింటినీ కలిపే చెబుతున్నాను.

ఇంట్లో జరిగిన చర్చ

ప్రయాణం మాట రాగానే ప్రతి ఇంట్లోనూ జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. మా అబ్బాయి కాగితం, కలం పట్టుకుని, ఉదయం దక్షిణేశ్వరం, మధ్యాహ్నం విక్టోరియా మెమోరియల్, సాయంత్రం ఒక గంట తోట అని పట్టిక వేశాడు. మా ఆవిడ ఆ పట్టిక విని, "నా మోకాళ్ళతో అంత తోట నేనెక్కడ తిరుగుతాను? మీరందరూ వెళ్ళిరండి, నేను గదిలో వుంటాను" అన్నది. "మీరు రాకపోతే మేమూ వెళ్ళం అత్తయ్యగారూ" అని కోడలు పట్టుబట్టింది. పన్నెండేళ్ళ మనవరాలు, "తాతయ్యా, అక్కడ చూడడానికి ఏముంటుంది?" అని అడిగింది. చెట్లు వుంటాయన్నాను. "చెట్లు మన కాలనీలోనూ వున్నాయిగా!" అన్నది.

నిజమే. చెట్టు కోసం హైదరాబాదు నుంచి కలకత్తా వెళ్ళనక్కరలేదు. ఆ తోట ఎందుకు పెట్టారో, దానిలోకి మన తెలుగునాడు ఎలా ప్రవేశించిందో తెలిస్తే మాత్రం ఆ ప్రయాణానికి అర్థం వుంటుంది. ఆ పిల్లకు నేను నాలుగు రాత్రులు చెప్పిన కథ ఇది.

ఆకలి నుంచి పుట్టిన తోట

1770లో బెంగాల్‌లో ఘోరమైన కరువు వచ్చింది. జనాభాలో మూడోవంతు నశించారని వారన్ హేస్టింగ్స్ స్వయంగా అంచనా వేశాడు. కంపెనీ మాత్రం భూమి శిస్తు వసూలు ఆపలేదు. ఆ కరువు జ్ఞాపకం ఇంకా పచ్చిగా వుండగానే, 1786లో కల్నల్ రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి కంపెనీ ప్రభుత్వానికి ఒక లేఖ వ్రాశాడు. వింత మొక్కలు పోగుచేసి వినోదించడానికి కాదు, ప్రజలకు ఆహారంగా, వర్తకానికి సరుకుగా పనికివచ్చే మొక్కలను పెంచి దేశమంతటా పంచడానికి ఒక తోట కావాలన్నది అందులోని సారాంశం. సగ్గుబియ్యం తీసే తాటిజాతి చెట్లు, పర్షియా ఖర్జూరాలు కరువు రోజుల్లో మనుషులను కాపాడతాయని ఆయన ఆశ. ఓడలు కట్టడానికి టేకు, అమ్ముకోవడానికి దాల్చినచెక్క, మిరియాలు, జాజికాయ కావాలన్నది కంపెనీ ఆశ. ఈ రెండు ఆశలూ కలిసి 1787లో తోట వెలిసింది. కిడ్ దానికి మొదటి పర్యవేక్షకుడు. జీతం పుచ్చుకోలేదు.

ఆశించినవి అన్నీ జరగలేదు. బెంగాల్ వాతావరణం జాజికాయకు, లవంగానికి సరిపడలేదు. టేకు కూడా అక్కడ అనుకున్నట్లు ఎదగలేదు. కానీ తోట నిలిచింది. 1793లో కిడ్ చనిపోయేనాటికి అందులో సుమారు 300 రకాల మొక్కలు వున్నాయి. ఆయన స్మారకంగా నిలిపిన పాలరాతి కలశాన్ని నేటికీ తోటలో చూడవచ్చు.

ఇక్కడ మన పెన్షనర్లకు నచ్చే సంగతి ఒకటి వున్నది. కిడ్‌కు ఆ దగ్గరలో షాలిమార్ అనే చోట సొంత తోట వుండేది. 2022 నుంచి మన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ హౌరా స్టేషనుకు బదులు ఆ షాలిమార్‌లోనే ఆగుతున్నది. అంటే విజయవాడలోనో విశాఖపట్నంలోనో రైలెక్కినవారు నేరుగా కిడ్ ఇరుగుపొరుగులో దిగుతారన్నమాట.

సామర్లకోట డాక్టరు

ఆ రైలు సామర్లకోట మీదుగా పోతుంది. పంచారామాలలో ఒకటైన కుమార భీమేశ్వరాలయం వున్న వూరుగా సామర్లకోట మనకు తెలుసు. ఆ వూరికి ఇంకొక ఖ్యాతి వున్నదని మనలో ఎక్కువమందికి తెలియదు.

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టాడు. వైద్యం నేర్చి 1776లో కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. 1781లో సామర్లకోటకు బదిలీ అయి, పన్నెండేళ్ళు అక్కడే వున్నాడు. సైనికులకు వైద్యం చేయడం ఆయన ఉద్యోగం. మిగిలిన కాలమంతా మొక్కలతోనే. అక్కడ ఒక తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు మొక్కలు పెంచి చూశాడు. సామర్లకోటకు ఉత్తరాన వున్న కొండల్లో అడవి మిరియాల తీగను గుర్తించి, దానిని 'మిరియాల తీగ' అనే తెలుగు పేరుతో సహా తన గ్రంథంలోకి ఎక్కించాడు.

అప్పటికే ఈ తీరంలో మొక్కల పరిశోధన చేసిన జర్మను జాతీయుడు కోయెనిగ్ స్వీడనులోని మహాపండితుడు లిన్నేయస్ శిష్యుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో జబ్బుపడి ఆయన కన్నుమూసినప్పుడు దగ్గర వుండి వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గే.

ఈ డాక్టరుకు మరొక అలవాటు వున్నది. మద్రాసులో వున్ననాటి నుంచే గాలి, వాన, వేడిమి లెక్కలు రోజూ పుస్తకంలో వ్రాసుకునేవాడు. 1789 మొదలుకొని ఉత్తర సర్కారులలో వానలు వరసగా తప్పాయి. 1792 దాకా సాగిన ఆ కరువును ఆయన కళ్ళారా చూశాడు. మనం పెరటి గట్టున చూసి పట్టించుకోని చిట్టి ఈత పొద గురించి ఆయన ప్రత్యేకంగా వ్రాశాడు. కరువులో పేదలు దాని కాండంలోని గుజ్జును పిండి చేసి, జావ కాచుకుని ప్రాణాలు నిలుపుకున్నారని ఆ వర్ణనలో వున్నది. కాలువగట్ల మీద, వూరి దారుల వెంట కొబ్బరి, పనస, అరటి, ఈత వంటివి నాటించమని 1793లో ఆయన కంపెనీకి సలహా ఇచ్చాడు. వాన తప్పినా కాయ కాచే చెట్టు జనాన్ని ఆదుకుంటుందన్నది ఆయన వాదం. కిడ్ బెంగాల్‌లో చేసిన ఆలోచన, ఈయన గోదావరి సీమలో చేసిన ఆలోచన ఒకటే. ఆ ఏడాదే కిడ్ చనిపోయి, ఆ తోట బాధ్యత రాక్స్‌బర్గ్‌కు దక్కింది. 1793 చివరలో ఆయన శిబ్‌పూర్ చేరాడు.

లండను దాకా వెళ్ళిన తెలుగు పేర్లు

సామర్లకోటలో వుండగానే రాక్స్‌బర్గ్ మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించడం మొదలుపెట్టాడు. 500 బొమ్మలు లండనుకు పంపగా, అక్కడ సర్ జోసెఫ్ బ్యాంక్స్ వాటిలో 300 ఎంపిక చేశాడు. అవి 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు పెద్ద సంపుటాలుగా అచ్చయ్యాయి. మన రైలు పేరూ ఆ పుస్తకం పేరూ ఒకటే కావడం చూసి మా మనవరాలు మొదటిసారి ఈ కథ మీద ఆసక్తి చూపింది.

ఆ పుస్తకంలో బీడీలు చుట్టే తునికాకు చెట్టు వున్నది. ఇప్పపూవు చెట్టు వున్నది. మోదుగ, తీగమోదుగ వున్నాయి. వాటిలో కొన్ని చెట్లకు శాస్త్రలోకంలో పేరు పెట్టి పరిచయం చేసినవాడు రాక్స్‌బర్గ్. తాను పెట్టిన లాటిన్ పేరుతో పాటు 'తెలింగాలు ఈ చెట్టును ఇలా పిలుస్తారు' అని చాలాచోట్ల తెలుగు పేరు కూడా ఇచ్చాడు. కొన్నిచోట్ల ఆ తెలుగు పేరే లాటిన్ వేషం వేసుకున్నది. కాచు తీసే సండ్ర చెట్టుకు ఆయన పెట్టిన పేరులో 'సుండ్ర' అనే మాట వున్నది. జ్వరానికి దాని బెరడు మంచి మందని ఆయన వ్రాసిన సోమిద చెట్టుకు తరవాతి వృక్షశాస్త్రజ్ఞులు 'సోయ్‌మిడా' అనే ప్రజాతి నామం స్థిరపరిచారు. పారిస్‌లోనైనా టోక్యోలోనైనా ఆ చెట్టును మన మాటతోనే పిలవాలి.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. ఈ పేర్లు ఆ డాక్టరుకు ఎవరు చెప్పారు? కొండల్లో ఆకులు ఏరుకునేవారు, కట్టెలు కొట్టేవారు, నాటువైద్యులు, ఆయన దగ్గర కూలిపని చేసిన తోటమాలులు చెప్పివుంటారు. బొమ్మలు వేసిన చిత్రకారుల పేర్లే ఆ పుస్తకంలో లేవంటే, పేర్లు చెప్పినవారి పేర్లు ఎక్కడ వుంటాయి? పండితుడి పేరు ప్రతి చెట్టు పేరు చివరా నేటికీ వ్రాస్తారు. చెట్టును తరతరాలుగా ఎరిగినవారు ఒక్క మాటగా, 'తెలింగాలు'గా మిగిలిపోయారు. దీనికి ఆ ఒక్క మనిషిని నిందించి ప్రయోజనం లేదు. కంపెనీ కాలపు పద్ధతి అది. ఆయన ఆ పేర్లను చెరిపివేయకుండా వ్రాసిపెట్టాడు కాబట్టే ఈనాడు మనం వాటి గురించి మాట్లాడుకోగలుగుతున్నాము.

శిబ్‌పూర్‌లో ఆయన ఇరవై ఏళ్ళు పనిచేశాడు. 1814లో శ్రీరాంపూర్ నుంచి విలియం కేరీ అచ్చువేసిన తోట జాబితాలో 3,500 రకాల మొక్కలు వున్నాయి. కిడ్ విడిచి వెళ్ళిన 300తో పోల్చి చూడండి. అదే కేరీ అదే 1814లో శ్రీరాంపూర్‌లోనే ఒక తెలుగు వ్యాకరణాన్ని కూడా ప్రచురించాడు. హుగ్లీ ఒడ్డుకు తెలుగు మాట చేరిన దారులు అన్ని వున్నాయి. రాక్స్‌బర్గ్ 1815లో ఎడింబరోలో మరణించాడు. నది ఒడ్డున ఆయన నివసించిన ఇల్లు, తోటలో ఆయన స్మారకం వున్నాయి. స్మారకం మీది వ్రాత లాటిన్‌లో వుంటుంది.

తోట పడిన కష్టాలు

తరవాత ఆ తోటను చాలాకాలం నడిపిన డాక్టర్ వాలిచ్ కాలంలో చైనా నుంచి తెచ్చిన తేయాకు విత్తనాలను 1835లో అక్కడ మొలకెత్తించి, మొక్కలను అస్సాంకు, కుమావ్ కొండలకు, మద్రాసు వైపుకు పంపారు. ప్రొద్దున్నే మనం త్రాగే టీకి ఆ తోటతో కొంత చుట్టరికం వున్నది. తోట వల్ల లాభపడినవారిలో కంపెనీ ముందున్నదన్నది నిజమే. తేయాకు తోటల్లో వలస కూలీలు పడిన బాధలూ ఆ చరిత్రలో భాగమే. అది కూడా పిల్లలకు చెప్పాలి.

1842లో వాలిచ్ సెలవులో వుండగా తాత్కాలికంగా వచ్చిన గ్రిఫిత్ అనే పండితుడు, తోటను శాస్త్ర వర్గీకరణ ప్రకారం తిరిగి అమర్చాలని పెద్ద పెద్ద చెట్లను కొట్టించాడు. 1848లో వచ్చిన జోసెఫ్ హుకర్ ఆ బోసితనం చూసి బాధపడి తన పుస్తకంలో విమర్శించాడు. ఆపైన 1864 అక్టోబరు 5న వచ్చిన తుఫాను సగం చెట్లను నేలకూల్చింది. 1867లో మరొక తుఫాను వచ్చి మిగిలినవాటిలో చాలా చెట్లను పడగొట్టింది.

1871లో బాధ్యత తీసుకున్న డాక్టర్ జార్జ్ కింగ్ ఆ శిథిలం నుంచి ఇప్పుడు మనం చూసే తోటను తయారుచేశాడు. చెరువులు త్రవ్వించి, ఆ మన్నుతో పల్లపు నేలను మెరక చేయించి, రోడ్లు వేయించాడు. చెరువులన్నిటికీ భూమి లోపల గొట్టాలతో సంబంధం కలిపాడు. 1890లో భారత వృక్ష సర్వేక్షణ సంస్థ ఏర్పడినప్పుడు దానికి మొదటి డైరెక్టరు ఆయనే. 1963 నుంచి ఈ తోట ఆ సంస్థ అధీనంలో వున్నది. 2020 మే 20న వచ్చిన అంఫన్ తుఫానులో మళ్ళీ వందల చెట్లు పడిపోయాయి. పడిన చోట మళ్ళీ నాటారు. తుఫానులు ఎరిగిన మన కోస్తా జిల్లాల వాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

మొదలు లేని మర్రి

తోటలో ఒక్క చెట్టే చూసే వీలుంటే మర్రిని చూడండి. దాని వయస్సు 250 ఏళ్ళు దాటిందంటారు. అంటే తోట కంటే ముందే పుట్టింది. ఒక ఈతచెట్టు మీద మొలిచిందని, దాని క్రింద ఒక ఫకీరు కూర్చునేవాడని పాతవాళ్ళు చెప్పగా హుకర్ వ్రాసుకున్నాడు. ఆ రెండు పెద్ద తుఫానుల్లో దెబ్బతిన్న మొదలుకు బూజు తెగులు పట్టింది. యాభై అడుగుల చుట్టుకొలత వున్న ఆ మొదలును 1925లో కోసి తీసివేయవలసి వచ్చింది. చెట్టు చావలేదు. ఊడలు నేలలో దిగి అవే మొదళ్ళయ్యాయి. ఇప్పుడు మూడు వేలకు మించిన ఊడలతో సుమారు నాలుగున్నర ఎకరాల మేర పరుచుకుని వున్నది. చెట్టు చుట్టూ 330 మీటర్ల రోడ్డు వేస్తే, దాన్ని కూడా దాటి అవతలికి ప్రాకింది.

మన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను మాటేమిటని సభ్యులు అడుగుతారు. న్యాయమే. సుమారు అయిదెకరాలకు విస్తరించి, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన ఆ మాను ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో వున్నది. విస్తీర్ణంలో మనదే కాస్త ముందు. అక్కడ తిమ్మమ్మకు గుడి వున్నది, జనం మొక్కుకుంటారు. ఇక్కడ పలక మీద కొలతలు వున్నాయి. రెండు చోట్లా మనుషులు చెట్టు క్రిందికి రాగానే గొంతు తగ్గించి మాట్లాడడం గమనించాను.

ఆ రోజును ఎలా గడపాలి

ఇంతవరకు చెప్పినది మనసులో వుంచుకుని రోజును ఏర్పాటు చేసుకుంటే శ్రమ తగ్గుతుంది. మేము చేసిన పద్ధతి ఇది.

మొదట, ఆ రోజుకు మరే చోటూ పెట్టుకోవద్దు. మా అబ్బాయి వేసిన పట్టికలో దక్షిణేశ్వరాన్ని, విక్టోరియాను మరునాటికి మార్చాము. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. క్రిస్మస్ రోజునా, జనవరి ఒకటినా మాత్రం విపరీతమైన జనం. వారంలో సెలవు రోజు, తెరిచే వేళలు, టిక్కెట్టు ధర మారుతూ వుంటాయి కాబట్టి ముందురోజే విచారించుకోవాలి. హౌరా నుంచి బి. గార్డెన్ బస్సులు వున్నాయి. పెద్దవాళ్ళు వున్నప్పుడు టాక్సీయే సుఖం. 1992లో విద్యాసాగర్ సేతు తెరిచాక కలకత్తా వైపు నుంచి కూడా రోడ్డు దారి సులువైంది.

రెండవది, ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి నడకను బట్టి లెక్క వేసుకోవాలి. ప్రధాన ద్వారం నుంచి మర్రి దగ్గరకు కిలోమీటరుకు పైగానే వుంటుంది. బ్యాటరీ బండి దొరికితే అదృష్టం. దొరకకపోతే ఎలా అన్నది ముందే అనుకోవాలి. మేము పది నిమిషాల నడక, పది నిమిషాల కూర్చోవడం అని నియమం పెట్టుకున్నాము. ఆ కూర్చునే పది నిమిషాలకు ఒక్కొక్క కథ సరిపోయింది. కిడ్ కలశం దగ్గర కరువు కథ, రాక్స్‌బర్గ్ ఇంటికి ఎదురుగా నది ఒడ్డున సామర్లకోట కథ, మర్రి క్రింద తుఫానుల కథ. పిల్లలకు విసుగు పుట్టలేదు, మా ఆవిడ మోకాళ్ళకు విశ్రాంతి దొరికింది.

మూడవది, చూడవలసినవి అయిదారుకు మించరాదు. పైన చెప్పినవి కాక పిల్లలకు నచ్చేవి మూడు చెబుతాను. పళ్ళెమంత ఆకులు నీళ్ళ మీద తేలే అమెజాన్ కలువ ఒకటి. ఒక ఆకులాగా మరొక ఆకు వుండని 'పిచ్చి చెట్టు' ఒకటి. ఆకు అడుగున దొన్నెలాగా ముడుచుకుని వుండే కృష్ణుడి మర్రి ఒకటి. వెన్న దొంగిలించిన కృష్ణుడు దాచుకోవడానికి చేసుకున్న దొన్నె అని కథ. జంట కొబ్బరి గురించి కూడా వారికి చెప్పండి. 1894లో నాటిన ఆ చెట్టు ఎదిగి పూత పూయడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. శ్రీలంక నుంచి తెచ్చిన పుప్పొడితో ప్రయత్నిస్తే ఫలించలేదు. థాయిలాండు నుంచి తెప్పించిన పుప్పొడితో 2013లో ఫలించింది. నాటినవాడు కాయను చూడలేదు. కాయ కోసినవాడు నాటినవాణ్ణి చూడలేదు.

నాలుగవది, సామాను. షుగరు, బి.పి. మాత్రలు, నీళ్ళు, షుగరు వున్నవారికి రెండు బిస్కట్లు, చేతికర్ర, టోపీ, దోమల మందు. కాళ్ళకు అలవాటైన చెప్పులే వేసుకోవాలి, కొత్తవి వద్దు. ప్లాస్టిక్ సంచులు వద్దు. లోపల తినడం గురించి ద్వారం దగ్గర వ్రాసిన నియమాలు చదివి పాటించండి. మేము హోటలులో బాగా టిఫిను చేసి వెళ్ళి, తిరిగివచ్చి ఆలస్యంగా భోజనం చేశాము.

అయిదవది అన్నిటికంటే ముఖ్యమైనది. ఒక నోటుపుస్తకం, పెన్సిలు తీసుకువెళ్ళండి. ఎందుకో చెబుతాను.

చెట్ల మీది పలకలపై శాస్త్రీయ నామాలు వుంటాయి. తెలుగు పేరు వుండదు, అక్కడ వుండవలసిన అవసరమూ లేదు. మా మనవరాలు ఒక పలక మీది లాటిన్ పేరును కూడబలుక్కుంటూ వుంటే, వెనక నుంచి మా ఆవిడ, "ఇది తాని చెట్టే అమ్మా, త్రిఫలాల్లో వేసే తానికాయ దీనిదే" అన్నది. ఆవిడ పుట్టింది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూళ్ళో. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మతో కలిసి ఏజెన్సీ అంచున తిరిగిన మనిషి. అక్కడి నుంచి వరసగా నల్లమద్ది, పొన్న, మోదుగ. "మోదుగాకుతో విస్తళ్ళు కుట్టేవాళ్ళం, చీపురుపుల్లలు గుచ్చి." "తునికిపండు తిన్నావా నువ్వెప్పుడైనా, అమ్మమ్మా?" అని దౌహిత్రుడు అడిగాడు. మా అమ్మాయి కొడుకు వాడు. తిన్నానన్నది. రుచి ఎలా వుంటుందో చెప్పింది. మనవరాలు వ్రాసుకుంటూ పోయింది. సాయంత్రానికి ఆ పుస్తకంలో ఇరవై మూడు తెలుగు పేర్లు చేరాయి. వాటిలో నాకు తెలిసినవి ఎనిమిది.

గదిలో వుండిపోతానన్న మనిషి చుట్టూ ఆ రోజు పిల్లలు తిరిగారు. అంతకంటే ఆ యాత్రకు నేను కోరుకున్న ఫలితం లేదు.

సభ్యులకు ఒక మనవి

రెండు వందల ముప్ఫై ఏళ్ళ క్రిందట ఒక పరాయి డాక్టరు మన వూళ్ళవాళ్ళను అడిగి చెట్ల పేర్లు వ్రాసుకున్నాడు. ఆయనకు చెప్పినవారికి ఆ పేర్లు వాళ్ళ నాయనమ్మలు చెప్పివుంటారు. ఆ వరస మన తరం దాకా తెగకుండా వచ్చింది. మన పిల్లలు పట్నాల్లో పుట్టి పెరిగారు, వాళ్ళ పిల్లలు ఇంకా దూరాన పెరుగుతున్నారు. మన ఇళ్ళల్లో డెబ్బై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళ దగ్గర, వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన పెద్దవాళ్ళ దగ్గర ఇంకా వందల పేర్లు వున్నాయి. ఏ చెట్టు ఆకు పుండుకు కడతారో, ఏ కాయ కరువులో తిన్నారో వాళ్ళకు తెలుసు. అడిగేవారు లేక అవి వాళ్ళతోనే పోతున్నాయి. పలక మీది లాటిన్ పేరు ఎక్కడికీ పోదు. దాన్ని కాపాడడానికి సంస్థలు వున్నాయి. ఈ పేర్లకు మన ఇళ్ళు తప్ప సంస్థ లేదు.

శిబ్‌పూర్ దాకా వెళ్ళగలిగినవారు తప్పక వెళ్ళిరండి. వెళ్ళలేనివారు బెంగుళూరు లాల్‌బాగ్‌కైనా, దగ్గరలో వున్న ఏ పెద్ద తోటకైనా, ఆఖరుకు వూరిబయట చెరువుగట్టుకైనా మనవలతో ఒకరోజు వెళ్ళండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు నడవనివ్వండి. నోటుపుస్తకం పిల్లల చేతికి ఇవ్వండి. అలా వ్రాసిన పేర్లను, వాటితో పాటు ఆ చెట్టును ఎరిగిన మీ పెద్దల పేర్లను కూడా, మన సంఘం కార్యాలయానికి పంపితే వచ్చే సంచికలలో అచ్చువేస్తామని కార్యదర్శిగారు మాట ఇచ్చారు. ఈసారి పేరు చెప్పినవారి పేరు వదిలిపెట్టకూడదు. మా ఇరవై మూడు పేర్ల జాబితాను ఈ వ్యాసంతో జతచేసి ఇప్పటికే పంపాను. దాని తలకట్టున మా ఆవిడ పేరు వ్రాసింది మా మనవరాలు.

సెలవు.